మీగడ నిలిపిన పొడి

తిరుపతి,
12 మార్చి 1946.

నా తాయికి,

క్షేమంగా ఇల్లు చేరాను. బొగ్గుతో నడిచే బస్సు కదా, చీరంతా మసి. అయినా మీ జయరావు తన బస్సని గర్వంగా నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. "పంకజక్కా, ఈడ కూర్చో, గాలొస్తాది" అన్నాడు. నీ తమ్ముడు కండక్టరు తోలుసంచి భుజాన వేసుకుని నిలబడితే నాకే ముచ్చటేసింది.

అమ్మకు జ్వరమని వచ్చి చిత్తూరులో పది రోజులున్నాను. ఆ పది రోజుల్లోనూ నా మనసులో నిలిచింది నీ వంటింట్లో గడిపిన ఒక్క మధ్యాహ్నమే. మీ డాక్టరు దొరసాని బంగళా నుంచి తెచ్చి గిన్నె ముందు పెట్టావే, ఆ తెల్లటి మీగడ! కదిలిస్తే వణికింది. నాలుక మీద పెట్టగానే కరిగింది. అడుగున బెల్లమూ చెనిక్కాయలూ కలిసిన ఆ పొడి. నేను గిన్నె నాకేశానని నవ్వకు. బడిలో కూడా నీ డబ్బాలో చేయి పెట్టేదాన్ని కదా.

దాన్ని ఎలా చేస్తారో రాసి పంపు. ఇంట్లో చేసి పెట్టాలని ఉంది. మా ఆయన ధనంజయ తీపి అంటే చెవి కోసుకుంటారు. మా మామ గోవిందస్వామి శెట్టిగారు హోటలు నడిపే మనిషైనా, ఇంట్లో కొత్త వంట అంటే చిన్నపిల్లవాడిలా వచ్చి కూర్చుంటారు.

ఒక్క మాట. ఉత్తరం పోస్టులో వేయకు. జయరావు చేతికివ్వు. బస్టాండులో పూలమ్మే నాగులమ్మ రోజూ మా ఇంటికి పూలు తెస్తుంది, ఆమె నాకు చేరుస్తుంది. నేను మీ ఇంట్లో తిన్నానని ఇక్కడ తెలిస్తే ఏమవుతుందో నీకు చెప్పనక్కర లేదు.

నీ
పంకజాక్షి


చిత్తూరు,
21 మార్చి 1946.

పంకజానికి,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. జాగ్రత్తగా చదువు.

చిక్కటి గేదెపాలు ఒక పడి, మీగడ అర పడి. సన్న సెగ మీద వేడి చేయాలి, పొంగనివ్వకూడదు. రేషను చక్కెర ఎంత ఉంటే అంత. పాలలో బెల్లం వేయకు, విరిగిపోతాయి. నేను పంపే పొట్లంలో పొడి ఉంటుంది. దాన్ని వేరే గిన్నెలో నీళ్ళు పోసి, పొడి కనబడకుండా అద్దంలా అయ్యేదాకా మరిగించి, వేడివేడిగా పాలలో పోసి కలుపు. గిన్నెల్లో వంచి, గిన్నెలను చల్లటి నీళ్ళ తొట్టిలో పెట్టు.

అడుగున వేసేది వేరు. చెనిక్కాయలు వేయించి పొట్టు ఊదెయ్యి. కొంచెం జీడిపప్పు. బెల్లం, వెన్న, ఒక గరిటె పాలు కలిపి పాకం పట్టి, అందులో గింజలు వేసి, ఉప్పు ఒక చిటికెడు వేసి, దించి బాగా తిప్పు. మన పప్పుండలా పటుక్కుమని విరగకూడదు. నోట్లో ఇసుకలా రాలాలి. ఆరాక దంచి కొంత అడుగున, కొంత పైన.

ఇది ఎక్కడిదంటావేమో. మా నాయనకు చూపు తగ్గాక బంగళా వంటిల్లు నా చేతికి వచ్చింది కదా, అప్పుడు దొరసాని నేర్పింది. ఆమెది అమెరికాలో దక్షిణాన సముద్రం పక్కన న్యూ ఆర్లియన్స్ అనే ఊరు. ఆ ఊళ్ళో ఇటలీ వాళ్ళు చాలామంది ఉన్నారట. మీగడ వండడం వాళ్ళది. గింజల పాకం ఆ ఊరి నల్లవాళ్ళది. తలకు గుడ్డ కట్టుకుని వీధి మూలల్లో పళ్ళేల్లో పెట్టి అమ్ముతారట. రెండూ కలిపింది దొరసాని పుట్టింటి వంటమనిషి. వాళ్ళ దేశపు గింజలు ఇక్కడ దొరకవు. చెనిక్కాయలు నా తెలివి.

పొడి గురించి వేరే ఎవరినీ అడగకు. అయిపోతే నాకు రాయి.

తాయమ్మ


తిరుపతి,
9 ఏప్రిల్ 1946.

తాయీ,

నిలిచిందే! ఈ ఎండల్లో, ఐసు ముక్కైనా లేకుండా, ఉత్త నీళ్ళ తొట్టిలో పెడితే గంటలో నిలిచింది. మామ రెండు గిన్నెలు తిని, మూడోది అత్తతో పంచుకున్నారు. "పంకజా, ఇది యాడ నేర్చినావు?" అని అడిగారు. మదరాసు పత్రికలో చదివానన్నాను. నీ పేరు చెప్పలేక పోయాను, కోపం తెచ్చుకోకు.

కాని ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో తిన్నది వణికేది, నోట్లో కరిగేది. నాది కత్తితో కోస్తే అంచు నిలబడుతుంది, కాస్త నమలాలి. రుచి అదే, పట్టు వేరు. పొడి అదేనా? వేరేదా? అసలు ఆ పొడి దేనితో చేస్తారు? నువ్వు పేరు రాయలేదు. పైగా ఎవరినీ అడగొద్దన్నావు. ఎందుకు?

ఇంకో నాలుగు పొట్లాలు పంపు. పెద్దవి. బంధువులు వస్తున్నారు.

పంకజం


చిత్తూరు,
27 ఏప్రిల్ 1946.

పంకజానికి,

నాలుగు పొట్లాలు పంపాను. అవి అయిపోయాయని మళ్ళీ ఆరు కావాలని నాగులమ్మతో కబురు పంపావట. ఒక్కో పొట్లం ముప్పై గిన్నెలకు వస్తుంది. మీ బంధువులు తిరుపతి కొండంత మంది ఉన్నారా?

దొరసానికి చల్లపెట్టె ఉంది. కిరసనాయిలుతో నడిచేది. అందులో పెట్టినదీ తొట్టిలో పెట్టినదీ ఒకలా ఉండవు. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

తాయమ్మ


తిరుపతి,
15 మే 1946.

తాయీ,

నీ ఉత్తరం చదివితే ఎవరో ప్లీడరు రాసినట్టుంది. నీకు దాచడమెందుకు, మామ సరదాకి హోటల్లో కొన్ని గిన్నెలు పెట్టించారు. కొండకు పోయే యాత్రికులు ఎండకు అలసి వచ్చి తింటున్నారు. అంతే.

నేను దాచింది ఇదొక్కటే. మరి నువ్వు దాస్తున్నది? ఇప్పటికి రెండుసార్లు అడిగాను. మొన్న అత్త పొట్లం విప్పి వాసన చూసి, "ఏందే ఇది, సున్నమా, ఎముకా?" అని నవ్వింది. ఆమెకిది నవ్వులాట. నాకు మాత్రం భయమేసింది. ఆసుపత్రి బంగళాలో డబ్బాల్లో వచ్చే వస్తువులు ఎన్నెన్నో ఉంటాయి. నువ్వు వాటి మధ్య ఉంటావు, నీకు పట్టింపు లేదు. నేను ఉన్న ఇల్లు వేరు.

పేరు రాయి తాయీ. ఒక్క ముక్క. నాకు నిద్ర పడుతుంది.

పంకజం


చిత్తూరు,
11 జూన్ 1946.

శ్రీమతి పంకజాక్షి గారికి,

ఇకమీదట పొట్లాలు రావు.

మీ హోటలు ముందు బోర్డు పెట్టారట. "గోవిందస్వామి మీగడ, మా ఇంటి సొంత తయారీ" అని. బస్సులో యాత్రికులు దాని గురించే మాట్లాడుకుంటుంటే జయరావు విన్నాడు. కొన్ని గిన్నెలు, సరదాకి అని నువ్వు రాసిన ఉత్తరం నా పెట్టెలో ఉంది.

నేను దొరసానిని ఒకసారి అడిగాను, మీ పుట్టింట్లో ఈ రెండూ కలిపి చేసిన వంటమనిషి పేరేమిటని. ఆమె కాసేపు ఆలోచించింది. "పేరు తెలియదు, మేము ఆంటీ అని పిలిచేవాళ్ళం" అంది. ఇరవై ఏళ్ళు ఆమె చేతి అన్నం తిన్నారు. అప్పుడు నాకు దొరసాని మీద కోపం వచ్చింది. ఇప్పుడు ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియడం లేదు.

ఇంకో సంగతి. పోయిన బుధవారం బస్టాండులో నాగులమ్మ లేదని జయరావు పొట్లం తీసుకుని నేరుగా మీ హోటలుకే వచ్చాడు. సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం తినలేదు. ఎందుకో నేను రాయను. ఆ రోజు మధ్యాహ్నం నువ్వు ఎక్కడ ఉన్నావు? తెలిస్తే తెలుసునని రాయి. తెలియకపోతే తెలియదని రాయి.

ప్రే. తాయమ్మ


తిరుపతి,
16 జూన్ 1946.

తాయమ్మకు,

బుధవారం నాకు తలనొప్పి. మేడ మీద పడుకుని ఉన్నాను. జయరావు వచ్చినట్టే నాకు తెలియదు. పొట్లం చెంగయ్య తెచ్చి ఇచ్చాడు. హోటల్లో పాలు కాచే చెంగయ్య. అతనేమన్నా అన్నాడేమో కనుక్కుంటాను.

బోర్డు మామ పని. ఆడవాళ్ళను అడిగి పెడతారా?

పంకజాక్షి


తిరుపతి,
8 జులై 1946.

తాయమ్మకు,

ఇది పోస్టులోనే వేస్తున్నాను. దాచడానికి ఇంకేమీ మిగలలేదు.

నిన్న పొద్దున మామ పేరిట ఒక కార్డు వచ్చింది. సంతకం లేదు. హోటల్లో పదిమంది కాఫీ తాగుతుండగా మామ దాన్ని పైకి చదవడం మొదలుపెట్టి, సగంలో ఆపేశారు. ఇంట్లోకి వచ్చి నా చేతిలో పెట్టారు. అందులో ఉన్నది అక్షరం అక్షరం రాస్తున్నాను:

"శెట్టిగారికి. మీరు గోవిందుడి పేరు చెప్పి యాత్రికులకు పెట్టే మీగడ నిలిచేది దేనితోనో తెలుసునా? పశువుల ఎముకలూ తోళ్ళూ ఉడకబెట్టి ఎండబెట్టిన పొడితో. నమ్మకుంటే మీ కోడలిని అడగండి."

మామ నిలబడే ఉన్నారు. "ఏమ్మా, పొడి యాడ్నించి వస్తాండాది?" అన్నారు. నేను మదరాసు వర్తకుడన్నాను. "ఏ వర్తకుడు? పేరేంది? యాడ అంగడి?" ధనంజయ పక్కనే ఉండి గోడ వైపు చూస్తున్నారు. అత్త మూలన కూర్చుని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. "మూడు నెలలుగా కొండకు పోయే జనానికి నా చేత్తో పెట్టినానమ్మా" అన్నారు. అంత మాట అని, పోయి బావి దగ్గర తల మీద నీళ్ళు పోసుకున్నారు.

బోర్డు దించేశారు. కాని ఆ పదిమంది సగం విన్నారు కదా. ఇవాళ హోటల్లో కాఫీకి కూడా మనుషులు పలచగా ఉన్నారు.

కార్డు మీద చిత్తూరు ముద్ర ఉంది. ఎముకల సంగతి బంగళా వంటింట్లో తిరిగే మనిషికి తప్ప ఎవరికి తెలుసు? నువ్వు పొట్లాలు ఆపావు, నెల తిరగకుండా కార్డు వచ్చింది. బోర్డు మీద నీ పేరు లేదనే కదా? నా మీద కోపముంటే నా జుట్టు పట్టుకుని కొట్టవలసింది. పెద్దాయన నెత్తిన ఇది వేస్తావా?

ఒక్కటే అడుగుతున్నాను. ఆ పొట్లాల్లో ఉన్నది ఎముకల పొడేనా? నీ ప్రభువు మీద ఒట్టేసి రాయి. మామ నాకు శనివారం దాకా గడువిచ్చారు.

పంకజాక్షి


చిత్తూరు,
10 జులై 1946.

పంకజానికి,

నీ ఉత్తరం అందిన గంటలో రాస్తున్నాను. ఒట్టు వేయమన్నావు, వేస్తున్నాను. ఇందులో ప్రతి ముక్కా నిజం.

నేను పంపిన ఏ పొట్లంలోనూ ఎముకల పొడి లేదు. ఒక్కదాంట్లో కూడా. అది చైనా గడ్డి. వేలూరు అంగళ్ళలో కడల్‌పాసి అంటారు. సముద్రంలో పెరిగే నాచు, ఎండబెట్టి పోగులుగా అమ్ముతారు. సాయబుల ఇళ్ళలో రంజాను నెలలో పాలలో వేసి నిలబెడతారు. నేను దాన్ని ఎండలో పెట్టి దంచి నీకు పంపాను.

నా మాట నమ్మకపోతే నీ కళ్ళనే నమ్ము. ఎముకల పొడితో చేసినది చల్లపెట్టె లేకుండా నిలవదు. తిరుపతి ఎండలో పెడితే పాలు పాలుగానే ఉంటాయి. నీది నీళ్ళ తొట్టిలో గంటలో నిలిచిందని నువ్వే రాశావు. కత్తికి అంచు నిలబడిందని రాశావు. ఎముకల పొడిని అంతసేపు మరిగిస్తే దాని బలం పోతుంది. నిన్ను అద్దంలా అయ్యేదాకా మరిగించమన్నాను. మీ మామ ముందు ఈ మూడు మాటలూ చెప్పు.

మరి పేరు ఎందుకు రాయలేదంటావు. ఇక్కడే నా తప్పు ఉంది.

మా ఇంట్లో నువ్వు ఆ మధ్యాహ్నం తిన్నది దొరసాని డబ్బాలోని పొడితో చేసినది. అది ఎముకలదే. నేను నీకు గిన్నె చూపించాలనే తెచ్చాను, పెట్టాలని కాదు. నేను లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చేలోగా నువ్వు సగం తినేశావు. అప్పుడైనా చెప్పవలసింది. నీ ముఖం చూశాను. పెళ్ళైన ఈ ఎనిమిదేళ్ళలో నువ్వు మా ఇంట్లో నోట పెట్టుకున్నది అదే మొదలు. చెప్పలేకపోయాను. నువ్వు వెళ్ళిన మర్నాటి నుంచే ఎముక లేకుండా నిలిచేది ఏముందా అని నలుగురినీ అడిగాను. ఆసుపత్రిలో వేలూరు నర్సు చెప్పింది. రెండో పొడి పేరు రాస్తే మొదటిది ఏమిటని అడుగుతావు. అందుకే రెండూ దాచాను. నువ్వు అడిగినకొద్దీ నాకు భయం పెరిగింది. భయాన్ని కోపంగా రాశాను.

కార్డు నేను రాయలేదు. జయరావు రాశాడు. నీ ఉత్తరం వాడి ముందు పెట్టి అడిగాను. దాచలేదు. "అవునక్కా, నేనే రాసినా" అన్నాడు. బంగళాలో డబ్బా చూశాడు కాబట్టి నీకు పంపేదీ అదే అనుకున్నాడు.

ఎందుకు రాశాడో విను. బుధవారం వాడు మీ హోటలు అరుగు ఎక్కి, పొట్లం బల్ల మీద పెట్టి, ఎండన పడి వచ్చాను, ఆ మీగడ ఒక గిన్నె ఇమ్మన్నాడు. కూర్చోబోతుంటే చెంగయ్య అడిగాడట, "ఉండబ్బా. యాడోడివి? ఎవురి బిడ్డవి?" అని. వీడు నాయన పేరు చెప్పాడు. "ప్రేమానందమా? అట్లయితే ఎనకవాకిట్లోకి రా" అన్నాడు. వెనక పేడకుప్ప పక్కన నిలబెట్టి, కొబ్బరి చిప్పలో వేసి, తాకకుండా నేల మీద పెట్టి జరిపాడు. ఆ పొడి దంచింది నేను. మోసింది వాడు. వాడు దాన్ని ముట్టకుండా వచ్చేశాడు.

వాడు చేసింది మంచిదని నేను అనను. మీ మామకు అంత బాధ కలిగించే హక్కు వాడికి లేదు. కాని వాడు నాతో ఇంకో మాట అన్నాడు. వంటింటి తలుపు సందులో ఆకుపచ్చ అంచు చీర కనబడిందట. అది పంకజక్కే అని వాడంటాడు. నువ్వు తలనొప్పితో మేడ మీద ఉన్నానని రాశావు.

దంచని గడ్డి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. అందరి ముందు చేసి చూపించు. వేలూరు అంగట్లో కొన్నానని చెప్పు. నా పేరు ఎత్తవద్దు. ఎత్తితే నీకు కష్టం, నాకు ఒరిగేదేమీ లేదు.

తాయమ్మ


తిరుపతి,
15 జులై 1946.

తాయీ,

నీ ఉత్తరం దొడ్లో నిలబడి చదివాను. మొదటి గిన్నె సంగతి చదవగానే గొంతులో వేలు పెట్టుకుని కక్కడానికి చూశాను. నాలుగు నెలల కిందట తిన్నది ఇప్పుడెలా వస్తుంది? ఊరికే కళ్ళ నీళ్ళు వచ్చాయి. నీ మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. దాన్ని దాచనులే.

తలుపు సందులో ఉన్నది నేనే.

జయరావు గొంతు విని ఆదరాబాదరా వచ్చాను. బయటికి రాబోయి, మామ గల్లా దగ్గర కూర్చుని ఉండడం చూసి ఆగాను. వెనకవాకిట్లో చెంగయ్య చిప్ప నేల మీద పెట్టడం చూశాను. జయరావు దాని వంక చూసి, తర్వాత తలుపు వంక చూశాడు. నేను వెనక్కి జరిగాను. మేడ మీదికి పోయి పడుకున్నాను. తలనొప్పి అప్పుడు వచ్చింది. అంతవరకు అది అబద్ధం కాదు.

శనివారం మధ్యాహ్నం మామనూ అత్తనూ ధనంజయనూ చెంగయ్యనూ కూర్చోబెట్టి, నీ గడ్డి అందరి చేతికీ ఇచ్చి చూపించి, నానబెట్టి, మరిగించి, పాలలో పోశాను. గిన్నె తొట్టిలో పెట్టాను. ఎవరూ లేవలేదు. నిలిచాక గిన్నె బోర్లించాను. చెక్కు చెదరకుండా దిగింది. మామ ముఖంలో రక్తం తిరిగి వచ్చింది. "నాచు! ఉత్త నాచు!" అని నవ్వారు. "ఒరే చెంగయ్యా, బోర్డు పెట్టురా మళ్ళా" అన్నారు.

నువ్వు చెప్పినట్టు అక్కడ ఆగితే సరిపోయేది. ఆగాలనే అనుకున్నాను. కాని చెంగయ్య బోర్డు తుడుస్తూ, "ఎవుడో బుద్ధి లేనోడు రాసినాడు సామీ" అన్నాడు. అప్పుడు ఏమైందో నాకే తెలియదు. నోరు దానంతటది తెరుచుకుంది.

"మామా, ఈ గడ్డి పంపింది చిత్తూరు తాయమ్మ. ప్రేమానందం కూతురు. నాతో చదువుకునింది. వంట నేర్పింది ఆమే, పత్రిక గాదు. పొట్లాలు మోసింది ఆమె తమ్ముడు జయరావు. ఆ పిల్లోడిని మీ ఎనకవాకిట్లో చిప్ప పెట్టి నిలబెట్టినారు. నేను తలుపు సందులోనించి సూస్తా నిలబడినాను."

"ఇన్ని దినాలూ ఆ చేతి పొడి తినినామా?" అన్నారు మామ. "తినినారు మామా. బాగుండాదని మూడోసారి గూడా అడిగినారు" అన్నాను. నేనేనా ఆ మాట అన్నది! అత్త నా చేయి గట్టిగా పట్టుకుంది, ఆపమని.

బోర్డు మళ్ళీ లేవలేదు. గిన్నెలన్నీ చింతపండుతో తోమించి కళాయి వేయించడానికి పంపారు. నన్ను వంటింట్లోకి రావద్దన్నారు. కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండి రమ్మన్నారు, మాట చల్లారేదాకా. ధనంజయ ఒక్క మాటే అన్నారు, "చెప్పకుండా ఉండుంటే పోయేది గదా." అత్త మాత్రం నా చీరలు మడతపెట్టి ఇస్తూ, ఎవరూ లేకుండా చూసి, "మళ్ళా ఎప్పుడన్నా చేస్తావా అది?" అని అడిగింది.

రెండు సంగతులు నేను చెప్పలేదు. కార్డు ఎవరు రాశారో చెప్పలేదు. చెబితే మామ బస్సు యజమానికి చెప్పి జయరావు ఉద్యోగం తీయిస్తారు. మీ ఇంట్లో తిన్న గిన్నె సంగతి కూడా చెప్పలేదు. ధైర్యం అంతవరకే వచ్చింది.

శుక్రవారం బస్సులో వస్తాను. అమ్మను పలకరించి నేరుగా మీ ఇంటికి వస్తాను, పగటిపూట, వీధి గుమ్మం నుంచి. పాలు తెప్పించి పెట్టు. నేనే చేస్తాను. జయరావుతో ఏమీ చెప్పకు. వచ్చాక నేను చెప్పుకుంటాను.

పంకజం


చిత్తూరు,
19 ఆగస్టు 1946.

పంకజానికి,

మీ ఆయన వచ్చి నిన్ను తీసుకుపోయాడని మీ అమ్మ చెప్పింది. వంటింట్లోకి రానిచ్చారా? నిజం రాయి. బాగున్నానని ఊరికే రాసి పంపితే నేను నమ్మను.

ఆ రోజు నువ్వు మా ఇంటి నుంచి ఏడుస్తూ వెళ్ళావు. వాడు నీతో మాట్లాడనందుకు. నువ్వు అరుగు మీదికి గిన్నె తీసుకుపోయి, వాడి పక్కన పెట్టి, "జయరావూ, నేను సూసినాను, సూసి ఎనక్కి పోయినాను" అన్నావు. వాడు వీధి వైపు తిరిగి కూర్చున్నవాడు తిరగనే లేదు. గిన్నె అలాగే ఉండిపోయింది. అంతవరకే నీకు తెలుసు. వెంటనే రాయవలసింది, కాని వాడు రాయవద్దన్నాడు. ఇప్పుడు రాయమన్నాడు.

నువ్వు వీధి మలుపు తిరిగాక వాడు నన్ను పిలిచాడు. "అక్కా, ఆయమ్మ వాళ్ళ మామతో నా పేరు చెప్పిందన్నావే, అది నిజమా? ఎవురో బస్సోడు అని చెప్పిందా, జయరావు అని చెప్పిందా?" అని అడిగాడు.

"జయరావు అనే చెప్పినానని రాసింది" అన్నాను.

"రాసిందా? సూపించు."

ఉత్తరం తెచ్చి ఇచ్చాను. నిన్ను అడగకుండా ఇచ్చాను, తప్పైతే తిట్టు. వాడు ఆ ఒక్క చోటే వేలు పెట్టి రెండు మూడుసార్లు చదివాడు. కార్డు సంగతి నువ్వు చెప్పలేదన్న ముక్క దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాడు. ఉత్తరం మడిచి నాకిచ్చి, "నేను ఆ పెద్దాయనకు అట్లా రాసుండకూడదు" అన్నాడు. నాతో అన్నాడో, వీధితో అన్నాడో.

తర్వాత గిన్నె ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పటికి మీగడ వేడెక్కి అంచుల్లో నీరు వదిలింది. అయినా తిన్నాడు. తొందర లేకుండా, అడుగున గింజల పొడి గీకి మరీ తిన్నాడు. మధ్యలో ఒకసారి ఆగి భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు, చెమట అన్నట్టుగా. నేను లోపలి నుంచి చూస్తున్నానని వాడికి తెలుసు.

లేచి తొట్టి దగ్గర గిన్నె కడిగి బోర్లించాడు. సంచి భుజాన వేసుకుని, గుమ్మం దాటుతూ అన్నాడు:

"బెల్లం జాస్తి అయినాది. ఈసారి వచ్చినప్పుడు తక్కువ ఎయ్యమని రాయి."

తాయమ్మ